స్లూత్: కూపీ లాగడానికి ఇంగ్లీషులో ఉన్న క్రియ, దాన్ని వాడే పద్ధతి

ఇంగ్లీషు పేపర్ చదివేవాళ్లకు స్లూత్స్ అనే మాట కొత్తేమీ కాదు. లంచం తీసుకుంటూ ఎవరైనా అధికారి పట్టుబడితే మర్నాడు హెడ్డింగులో ‘ఏసీబీ స్లూత్స్’ అని కనిపిస్తుంది. సీబీఐ వాళ్లు వచ్చినా, ఆదాయపు పన్ను వాళ్లు సోదా చేసినా అదే మాట. అక్కడ అది నామవాచకం. నేర పరిశోధకులు, డిటెక్టివులు అని అర్థం. ఆ మాటకే క్రియారూపం కూడా ఉంది. అది అరుదుగా వినిపిస్తుంది కాబట్టి వాడబోయినప్పుడు చాలామంది తడబడతారు.

తడబాటుకు కారణం ఒక్కటే. నిఘంటువులో ‘మిస్టరీ’, ‘డిటెక్టివ్’ అన్న మాటలు చూసి, స్లూత్ అంటే మిస్టరీని ఛేదించడం అనుకుంటారు. సాల్వ్ ఉండాల్సిన చోటల్లా దీన్ని పెట్టేస్తారు. స్లూత్ చెప్పేది ఛేదించడానికి ముందు జరిగే పనిని: జాడ పట్టుకుని పోవడం, ఆరా తీయడం, కూపీ లాగడం. కూపీ లాగినంత మాత్రాన గుట్టు తేలాలని లేదు కదా. స్లూత్ చేసినంత మాత్రాన కూడా తేలదు. ఈ తేడా మనసులో ఉంటే కింద చెప్పే నియమాలన్నీ వాటంతటవే అర్థమవుతాయి.

ముందు పలకడం, రాయడం

స్పెల్లింగ్ ఎస్, ఎల్, ఈ, యూ, టీ, హెచ్. ఈ, యూ అక్షరాలను తారుమారు చేయడం ఇంగ్లీషు వాళ్లే తరచూ చేసే తప్పు. ‘ఈ ముందు, యూ వెనక’ అని గుర్తుపెట్టుకోండి.

ట్రూత్, టూత్, అమెరికా వాళ్లు పలికే బూత్ అనే మాటలతో ఇది ప్రాస కలుస్తుంది. మనం ‘పోలింగ్ బూత్’ అన్నప్పుడు చివర తెలుగు ‘త’ పలుకుతాం. ఇంగ్లీషులో ఆ చివరి ధ్వని వేరు. నాలుక కొన పై పళ్ల అంచుకు తాకీ తాకనట్టు ఉండాలి, ఆ సందులోంచి గాలి పోతూ ఉండాలి. సరిగ్గా వస్తోందో లేదో తేల్చుకోవడం తేలిక: ఆ చివరి ధ్వనిని రెండు సెకన్లు సాగదీసి చూడండి. సాగితే సరిగ్గా పలికినట్టే. తెలుగు ‘త’ సాగదు, నాలుక పళ్లకు అంటుకుని ఆగిపోతుంది. గాలి మరీ ఎక్కువైపోయి ‘స్లూస్’ అని వచ్చిందంటే అది వేరే మాట, కాలువ తూము అని అర్థం.

భూతకాలానికి ఈ, డీ చేరుస్తాం కానీ పలకడంలో ‘డ్’ రాదు, ‘ట్’ వస్తుంది: స్లూత్ట్. నోరు తిరగక ‘స్లూతెడ్’ అని రెండు ముక్కలు చేయకండి. ఇంగ్ చేరితే స్లూతింగ్. ఇక్కడి వాక్యాలన్నీ పలికే తీరులోనే రాశాం.

మాట వెనక ఉన్న కుక్క

ఈ మాట పుట్టుక తెలిస్తే వాడుక సగం వచ్చేసినట్టే. పాత నార్స్ భాషలో ‘స్లోథ్’ లాంటి మాట ఒకటి ఉండేది. జాడ, నడిచిపోయిన గుర్తు అని దాని అర్థం. అది మధ్యయుగపు ఇంగ్లీషులోకి, స్కాట్లాండులోకి వచ్చింది. అక్కడ వాసన పట్టి జాడ తీసే వేటకుక్కను ‘స్లూత్ హౌండ్’ అనేవారు. స్కాట్లాండు రాజు రాబర్ట్ బ్రూస్‌ను శత్రువులు అలాంటి కుక్కతో తరిమితే, ఆయన వాగులో దిగి నీళ్ల వెంట నడిచి వాసన తెగ్గొట్టి తప్పించుకున్నాడని 1375 ప్రాంతపు స్కాట్ కావ్యం ఒకటి చెబుతుంది. ఇంగ్లండు, స్కాట్లాండుల సరిహద్దుల్లో పశువుల దొంగతనాలు మామూలైన రోజుల్లో, మందను పోగొట్టుకున్నవాళ్లు ఈ కుక్కలతోనే సరిహద్దు దాటి మరీ వెంటపడేవారు.

పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో డిటెక్టివును ‘స్లూత్ హౌండ్’ అనడం మొదలైంది. 1870ల నాటికి కుక్క రాలిపోయి ‘స్లూత్’ మిగిలింది. దాన్ని క్రియగా వాడటం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వచ్చింది.

మనకూ ఇలాంటి మాట ఒకటుంది: పసిగట్టడం. ఇక్కడ పసి అంటే వాసన. వాసన పట్టి తెలుసుకోవడమే పసిగట్టడం. రెండు భాషలూ ఒకే జంతువు ముక్కును చూసి మాట కట్టుకున్నాయి. కానీ ఒక తేడా ఉంది. మన ‘పసిగట్టు’ వాసన తగిలిన క్షణాన్ని చెబుతుంది, స్లూత్ ఆ వాసన వెంట సాగే దారంతా చెబుతుంది. అందుకే ఒక్క చూపులో తెలిసిపోయిన విషయానికి స్లూత్ పనికిరాదు. కొంత సేపు, కొంత శ్రమ, ఒక గుర్తు నుంచి మరో గుర్తుకు నడక ఉండాలి.

ఇంకో స్లూత్ ఉంది, దానితో కలపకండి. ఎలుగుబంట్ల గుంపును పాత ఇంగ్లీషు జాబితాల్లో ‘ఎ స్లూత్ ఆఫ్ బేర్స్’ అంటారు. అది బద్ధకం అనే అర్థమున్న స్లోత్ వైపు నుంచి వచ్చిన మాట. దీనికీ దానికీ చుట్టరికం లేదు.

వాక్యంలో ఎలా కూర్చోవాలి

క్రియగా దీని సహజమైన తీరు కర్మ లేకుండా నిలబడటం. ‘షి స్లూత్ట్ ఫర్ టూ వీక్స్.’ ఆమె రెండు వారాలు కూపీ లాగింది. ఏం కావాలని లాగిందో చెప్పాలంటే ఫర్ చేర్చాలి: ‘హి ఈజ్ స్లూతింగ్ ఫర్ క్లూస్.’ ఎక్కడెక్కడ వెతికిందో చెప్పాలంటే థ్రూ: ‘షి స్లూత్ట్ థ్రూ ఓల్డ్ ల్యాండ్ రికార్డ్స్.’ అక్కడా ఇక్కడా తిరిగి వాకబు చేయడానికి అరౌండ్.

దొరికింది అని చెప్పాలంటే అవుట్ తప్పనిసరి అనుకోండి. ‘షి స్లూత్ట్ అవుట్ ది ఓనర్ ఆఫ్ ద ఫోన్.’ ఆ ఫోన్ ఎవరిదో కూపీ లాగి కనుక్కుంది. నిఘంటువుల్లో అవుట్ లేకుండా నేరుగా కర్మ తీసుకునే వాడుక కూడా నమోదైంది కానీ వాక్యం ఎబ్బెట్టుగా ఉంటుంది. నేర్చుకునేవాళ్లు దాని జోలికి పోకపోవడమే మేలు.

అవుట్ తర్వాత వచ్చేది కనుక్కున్న సంగతి అయ్యుండాలి: పేరు, చిరునామా, సంవత్సరం, కారణం. మిస్టరీ, కేసు, నేరం అనేవి కనుక్కునేవి కావు, వాటిలోంచి కనుక్కోవాలి. కాబట్టి ‘ద పోలీస్ స్లూత్ట్ ద మర్డర్’ తప్పు. ‘ద మిస్టరీ వాజ్ స్లూత్ట్’ ఇంకా తప్పు, ఎందుకంటే ఈ క్రియకు కర్మణి ప్రయోగం దాదాపు లేదు.

మరో తప్పు దట్ చేర్చడం. ‘ఐ స్లూత్ట్ దట్ హి హ్యాడ్ సోల్డ్ ద హౌస్’ అని రాయకూడదు. అక్కడ ‘ఫౌండ్ అవుట్ దట్’ అనాలి. హూ, వేర్, హూజ్ లాంటి ప్రశ్నపదం మాత్రం అవుట్ తర్వాత చక్కగా వస్తుంది: ‘హి స్లూత్ట్ అవుట్ వేర్ ద లెటర్ కేమ్ ఫ్రమ్.’

వీటన్నిటికంటే ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇంగ్ రూపం. ‘డూ సమ్ స్లూతింగ్’, ‘ఎ బిట్ ఆఫ్ స్లూతింగ్’, ‘ఆన్‌లైన్ స్లూతింగ్’. అనుమానం వచ్చినప్పుడు భూతకాలపు రూపం వదిలేసి దీన్ని పట్టుకోండి, తప్పు పోయే అవకాశం చాలా తక్కువ. ఒక్క జాగ్రత్త: స్లూతింగ్ లెక్కపెట్టే మాట కాదు. ‘ఎ స్లూతింగ్’ అనరు, ‘స్లూతింగ్స్’ అనరు.

ఇదే సందర్భంలో ఇన్వెస్టిగేట్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాని వ్యాకరణం దీనికి సరిగ్గా తలకిందులు. ఇన్వెస్టిగేట్ నేరుగా కర్మ తీసుకుంటుంది: ‘ఇన్వెస్టిగేట్ ద మ్యాటర్.’ మన ఆఫీసు ఉత్తరాల్లో తరచూ కనిపించే ‘ఇన్వెస్టిగేట్ ఇన్‌టు ద మ్యాటర్’ తప్పు. ఇన్‌టు వచ్చేది నామవాచకం తర్వాత: ‘ఇన్వెస్టిగేషన్ ఇన్‌టు ద మ్యాటర్.’

ఒక పాత ఉత్తరం, నాలుగు క్రియలు

ఏ దశలో ఏ క్రియ అన్నది ఒక ఉదాహరణ మీద చూస్తే తేలిగ్గా పట్టుబడుతుంది. అమ్మమ్మ ట్రంకు పెట్టెలో ఒక కవరు దొరికిందనుకోండి. లోపలి ఉత్తరం మీద తేదీ లేదు. పోస్టు ముద్ర చెరిగిపోయి, సంవత్సరంలో చివరి అంకె 2 ఒక్కటే కనిపిస్తోంది. అది ఏ సంవత్సరం?

ముందు కంటికి కనబడినవి. స్టాంపు విలువ నయా పైసల్లో ఉంది. చిరునామాలో ‘ఒంగోలు, గుంటూరు జిల్లా’ అని ఉంది. పిన్ కోడ్ లేదు. ఇలా గుర్తులు కంట పడటానికి ఇంగ్లీషులో స్పాట్ లేదా నోటిస్ చాలు: ‘వి స్పాటెడ్ త్రీ క్లూస్ ఆన్ ది ఎన్వలప్.’ మనం కవరు అనేదాన్ని ఇంగ్లీషులో ఎన్వలప్ అనాలని కూడా ఇక్కడే గమనించండి.

ఇప్పుడు ఒక్కో గుర్తు వెంట నడవాలి. మన దేశంలో దశాంశ నాణేలు 1957 ఏప్రిల్ 1న వచ్చాయి, అంతకు ముందు అణాలు. ‘నయా’ అనే మాట 1964 జూన్ 1 నుంచి తీసేశారు. అంటే ఉత్తరం 1957కు ముందుది కాదు, కాబట్టి 1952 పోయింది. ఒంగోలు గుంటూరు జిల్లాలోంచి విడిపోయి కొత్త జిల్లాకు కేంద్రమైంది 1970 ఫిబ్రవరిలో. పిన్ కోడ్ మొదలైంది 1972 ఆగస్టు 15న. ఈ లెక్కన 1972 కూడా పోతుంది, 1962 మిగులుతుంది. ఈ నడకంతా స్లూతింగ్: ‘వి స్పెంట్ యాన్ ఈవినింగ్ స్లూతింగ్ ఫర్ ద డేట్.’

కానీ తొందరపడకూడదు. నయా పైసల స్టాంపు ఇంట్లో మిగిలిపోయి తర్వాతెప్పుడో అతికించి ఉండొచ్చు. జిల్లా మారినా జనం పాత అలవాటు కొద్దీ పాత పేరే రాస్తారు. పిన్ కోడ్ వచ్చాక కూడా రాయనివాళ్లు ఎంతోమంది. మూడు గుర్తులూ ఒకవైపే చూపించినా, మూడింటికీ మినహాయింపు ఉంది. కాబట్టి ఈ దశలో ‘సాల్వ్డ్’ అనకూడదు. ‘పీస్ టుగెదర్’ అనొచ్చు, ముక్కలు ముక్కలుగా ఉన్నదాన్ని కూర్చి బొమ్మ తెచ్చుకోవడం: ‘ఫ్రమ్ దీజ్ క్లూస్ వి పీస్డ్ టుగెదర్ ఎ లైక్‌లీ డేట్.’

ఇక ఉత్తరం లోపల చదివితే, చైనాతో యుద్ధం జరుగుతోందని, బియ్యం ధర పెరుగుతుందేమోనని రాసి ఉంది. ఆ యుద్ధం 1962 అక్టోబరు, నవంబరు నెలల్లో జరిగింది. ఇప్పుడు తేలింది. ఇప్పుడు ‘వి స్లూత్ట్ అవుట్ ద ఇయర్’ అనొచ్చు, ‘ద మిస్టరీ ఈజ్ సాల్వ్డ్’ అనొచ్చు. స్పాట్, స్లూత్, పీస్ టుగెదర్, సాల్వ్: ఈ వరసలో ఒక దాని చోట మరొకటి పెడితే వాక్యం వ్యాకరణపరంగా నిలబడినా, చెప్పింది అబద్ధమవుతుంది.

చరిత్రలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. 1854లో లండన్‌లోని సోహోలో కలరా వచ్చినప్పుడు డాక్టర్ జాన్ స్నో ఇంటింటికీ తిరిగి, చనిపోయినవాళ్లు నీళ్లు ఎక్కడ పట్టుకునేవారో వాకబు చేశాడు. దారులన్నీ బ్రాడ్ స్ట్రీట్ పంపు దగ్గరికి చేరాయి. పంపు పిడి తీయించాడు. దీన్ని స్లూతింగ్ అనడానికి ఇంగ్లీషు రచయితలు వెనుకాడరు. అయితే నీళ్లలో ఉన్న క్రిమి ఏదో స్నోకు తెలియదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ దోమను కోసి, దాని కడుపులో మలేరియా పరాన్నజీవిని మైక్రోస్కోపు కింద చూసిన సంగతి వేరు. అక్కడ ‘డిస్కవర్డ్’ అనాలి. ఏళ్ల తరబడి దోమల వెంటపడటం స్లూతింగ్ కావచ్చు, ఆ రోజు కళ్లతో చూడటం మాత్రం కాదు.

ఇరుగుపొరుగు మాటలు

స్లూత్ పక్కనే ఉండి కలగాపులగం చేసే మాటలు కొన్ని ఉన్నాయి.

సస్ అవుట్ బ్రిటన్‌లో పుట్టింది. పోలీసుల యాసలో సస్పెక్ట్ అనే మాట కుదించగా వచ్చింది. మనిషిని చూసి, మాట విని, పరిస్థితి ఏమిటో పట్టేయడం. మన ‘పసిగట్టు’కు సరైన జోడీ ఇదే. వీడియో గేముల్లో పిల్లలు అనే ‘సస్’ దీనికి దగ్గర చుట్టమే గానీ అది విశేషణం, అనుమానాస్పదం అని అర్థం.

ఫెరెట్ అవుట్ అంటే తవ్వి బయటికి లాగడం. ఫెరెట్ అనేది ముంగిసలా సన్నగా ఉండే జంతువు, కుందేళ్లను బొరియల్లోంచి తరమడానికి దాన్ని వదిలేవారు. దాచిపెట్టిన నిజాన్ని పట్టుబట్టి లాగినప్పుడు వాడాలి. స్లూత్‌కంటే ఇందులో మొండితనం ఎక్కువ.

ఫాదమ్ నాకు ఇష్టమైన మాట, ఎందుకంటే దీనికి తెలుగులో అచ్చమైన జోడీ ఉంది. ఫాదమ్ అంటే ఆరడుగుల కొలత, రెండు చేతులూ చాచినంత. అంటే మన బార. పడవ వాళ్లు నీటి లోతు దీంతోనే కొలిచేవారు. క్రియగా వాడితే లోతు అందుకోవడం, అంతుపట్టడం. దాదాపు ఎప్పుడూ వ్యతిరేకార్థంలోనే వస్తుంది: ‘ఐ కాంట్ ఫాదమ్ వై.’ ఎందుకో అంతుపట్టడం లేదు.

అన్‌రావెల్ అంటే చిక్కు విప్పడం, అన్‌రిడిల్ అంటే పొడుపు కథ విప్పడం. రెండోది ఇప్పుడు పుస్తకాల్లోనే. డిసైఫర్ చదవరాని రాతకు: 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివాడంటే ‘డిసైఫర్డ్’ అనాలి.

ఎక్కడ వాడకూడదు

స్లూత్‌కు కాస్త తేలికపాటి స్వరం ఉంది. కథల డిటెక్టివుల వాసన దీన్ని వదల్లేదు. వృత్తిగా చేసేవాళ్లకంటే సరదాకో పట్టుదలకో చేసేవాళ్లకు బాగా అతుకుతుంది. మన దేశపు ఇంగ్లీషు పేపర్లలో నామవాచకంగా అధికారులకే వాడతారు, అది ఇక్కడి అలవాటు. అమెరికా పాఠకుడికి ‘సీబీఐ స్లూత్స్’ కొంచెం వింతగా వినిపిస్తుంది. విదేశాల్లో ఉన్నవాళ్లకు రాసేటప్పుడు ‘ఇన్వెస్టిగేటర్స్’ అనండి.

పోలీసు ఫిర్యాదులో, కోర్టు కాగితాల్లో, ఆడిట్ రిపోర్టులో ఈ క్రియ రాయకూడదు. మనిషి పోయిన ఇంట్లోవాళ్లతో ‘ద పోలీస్ ఆర్ స్లూతింగ్’ అంటే వాళ్ల బాధను ఆటగా తీసుకున్నట్టు వినిపిస్తుంది. అక్కడ ఇన్వెస్టిగేట్ ఒక్కటే సరైన మాట. ఉద్యోగానికి పంపే రెజ్యూమేలో ‘స్లూత్ట్ అవుట్ బగ్స్’ అని రాసేకంటే ట్రేస్డ్, డయాగ్నోజ్డ్ అనే మాటలు మేలు. సహోద్యోగికి పంపే మెసేజ్‌లో అయితే ‘డిడ్ సమ్ స్లూతింగ్, ఫౌండ్ ద బగ్’ అనడం అందంగా ఉంటుంది.

‘ఇంటర్నెట్ స్లూత్స్’ అనే మాటను జాగ్రత్తగా చదవండి. 2013 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ దగ్గర బాంబులు పేలినప్పుడు నెట్‌లో వేలమంది ఫొటోలు పోల్చి దోషులెవరో చెప్పబోయారు. సంబంధం లేని మనుషుల మీద నింద వేశారు. వాళ్లను ఇంగ్లీషు పత్రికలు స్లూత్స్ అనే రాశాయి, అందులో తప్పేమీ లేదు. జాడ వెంట నడిచారు, తప్పు గుమ్మం ముందు ఆగారు. నిజం కనుక్కున్నారన్న హామీ ఆ మాటలో లేదు.

చేయి తిప్పుకోవడానికి

కింది తెలుగు వాక్యాలకు ముందు మీరే ఇంగ్లీషు అనుకుని, తర్వాత జవాబు చూడండి.

‘సంబంధం ఖాయం చేసేముందు అత్తయ్య అబ్బాయి వాళ్ల గురించి గుట్టుగా ఆరా తీసింది.’ ఇది స్లూతింగ్‌కు పుట్టిన వాక్యం: ‘మై ఆంట్ డిడ్ సమ్ క్వయట్ స్లూతింగ్ బిఫోర్ షి సెడ్ యెస్.’

‘మూడు వారాల్లో కేసు ఛేదించారు.’ ఇక్కడ స్లూత్ రాదు: ‘దే క్రాక్ట్ ద కేస్ ఇన్ త్రీ వీక్స్.’

‘ఆ నంబరు ఎవరిదో ఎలాగో కూపీ లాగాడు.’ ఫలితం ఉంది కాబట్టి అవుట్ కావాలి: ‘సమ్‌హౌ హి స్లూత్ట్ అవుట్ హూజ్ నంబర్ ఇట్ వాజ్.’

‘వాడు అబద్ధం చెబుతున్నాడని మొదటి మాటలోనే పసిగట్టాను.’ క్షణంలో జరిగింది, నడక లేదు: ‘ఐ సస్ట్ అవుట్ దట్ హి వాజ్ లయింగ్.’

‘అల్లుడు ఎందుకు అలిగాడో ఎవరికీ అంతుచిక్కలేదు.’ దీనికి ‘నోబడీ కుడ్ ఫాదమ్ వై ద సన్ ఇన్ లా వాజ్ సల్కింగ్.’ ఆ కారణం తెలుసుకోవడానికి బావమరిదిని రహస్యంగా పంపితే మాత్రం మళ్లీ స్లూతింగ్‌లో పడతాం.